లాడిల్ బ్యాండు మధ్య దశ

విమర్శకుల వల్ల కళాకారులు నష్టపోయిన కథలు మీరు చాలా విని ఉంటారు. ఒక విమర్శకుడి మాటకు కట్టుబడి నలుగురు కళాకారులు పని గట్టుకుని నిద్ర మానేసి, చివరికి ఆ విమర్శకుడి పరువునే బీచ్ రోడ్డులో నిండు హాలు ముందు మైకు పెట్టి మరీ తీసిన కథ మాత్రం విని ఉండరు. ఎందుకంటే అది నాది. ఇన్నాళ్ళూ దాచుకున్నాను. ఇక దాచడం నా వల్ల కాదు.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, అభిప్రాయాలు మాత్రం పుష్కలంగా వచ్చాయి. మా నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి స్టీల్ ప్లాంటులో ఆఫీసు ఉద్యోగం చేసేవాడు. తొమ్మిదికి వెళ్ళడం, ఐదుకి రావడం, దాన్నే జనరల్ షిఫ్ట్ అంటారు. ఉక్కునగరంలో పుట్టి పెరిగినా, మనుషులు పగలు పడుకుని రాత్రి పనికి వెళతారన్న సంగతి నాకు చూచాయగానే తెలుసు. పక్క క్వార్టర్ వాళ్ళు పగలు కిటికీలకి దుప్పట్లు ఎందుకు కడతారా అని చాలాకాలం అనుకునేవాణ్ణి. నేను చేసిన ఘనకార్యానికి పునాది ఈ అజ్ఞానమే.

మా ఊళ్ళో ఒక హెవీ మెటల్ బ్యాండు ఉండేది, గిటార్లూ డ్రమ్ములూ హోరెత్తిస్తూ గొంతు చించుకుని పాడే రకం. పేరు లాడిల్. కరిగిన ఉక్కుని మోసుకెళ్ళే పెద్ద బానని ప్లాంటులో లాడిల్ అంటారు. బ్యాండులో నలుగురూ ప్లాంటు మనుషులే, ఒకే డిపార్ట్‌మెంటు, ఒకే షిఫ్టు. పాడేది అప్పలరాజు, క్రేన్ ఆపరేటర్. ఎత్తున క్యాబిన్‌లో ఒంటరిగా కూర్చుని, కింద చప్పుడులో ఎవరికీ వినపడదన్న ధైర్యంతో అరిచి అరిచి సాధన చేసిన గొంతు. డ్రమ్ములు నూకరాజు. గిటారు సింహాచలం. బేస్ గిటారు వాయించే ఆయన పేరు ఎవరూ అడగరు, ఆయనా చెప్పడు.

వీళ్ళు ఏడాదికి ఒక్కసారే వాయించేవారు. విశ్వకర్మ పూజ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి, మా సెక్టారు గ్రౌండులో షామియానా కింద. శ్రోతలు రెండు రకాలు: బంధువులు, పులిహోర కోసం లైన్లో నిలబడ్డవాళ్ళు. నేను మూడో రకం. ముందు వరసలో నిలబడి మొత్తం ఫోన్లో రికార్డు చేసి, ఇంటికెళ్ళి హెడ్‌ఫోన్లు పెట్టుకుని తల ఊపేవాణ్ణి.

ఒకరోజు గాజువాకలో టీ కొట్టు దగ్గర అప్పలరాజు నాతో తన మనసులో మాట చెప్పాడు.

"బావా, నాకొక్కటే కోరిక. ఇక్కడ నానెంత పాడినా ఏటంతారు? 'క్రేన్ అప్పలరాజు బాగా అరిసినాడ్రా' అంతారు. అంతే. నన్ను క్రేన్ అప్పలరాజని తెలీనోళ్ళ ముందర ఒక్కసారి పాడాల. ఆలు బాగుందంతే బాగున్నట్టు, బాలేదంతే బాలేనట్టు."

ఆ మాట నా గుండెకి తగిలింది. ఆయనకి ఏదైనా చెయ్యాలనిపించింది. చెయ్యడానికి నా దగ్గర ఉన్నవి అభిప్రాయాలే కాబట్టి అవే ఇచ్చాను. మూడేళ్ళ రికార్డింగులు ముందేసుకుని, పాటకి పాటా పోల్చి, ఆ వీడియోలతో సహా బ్లాగులో పెద్ద వ్యాసం రాశాను. అందులో లాడిల్ బ్యాండు కళా జీవితాన్ని మూడు దశలుగా విభజించాను. ఇలా నవ్వకండి, అప్పుడే నవ్వితే తర్వాత నవ్వడానికి ఓపిక ఉండదు.

మొదటి ఏడాది ప్రదర్శనకి 'ఉగ్ర దశ' అని పేరు పెట్టాను. 'పాటలు ఒకదాన్నొకటి తరుముకొస్తాయి. పాటకీ పాటకీ మధ్య ఊపిరి తీసుకునే ఖాళీ లేదు. కాలంతో పోటీపడే ఆధునిక మానవుడి ఆర్తి ఇది' అని రాశాను. మూడో ఏడాదిది 'త్యాగ దశ'. ఎందుకంటే మొదటి మూడు పాటల్లో గిటారే లేదు. 'గిటారు లేకుండా మెటల్ వాయించే తెగువ ప్రపంచంలో ఇంకెవరికుంది?' అని సవాలు చేశాను. నాలుగో పాటలో సింహాచలం ప్లాంటు యూనిఫాంలో, హెల్మెట్‌తో సహా వేదిక మీదికి పరిగెత్తుకొస్తే, దాన్ని 'కార్మిక సౌందర్యం' అన్నాను.

ఇక రెండో ఏడాది. దాని పేరు 'మధ్య దశ'. నా ప్రాణమంతా అక్కడే ఉంది. అవే పాటలు సగం వేగంలో. డ్రమ్ము దెబ్బకీ దెబ్బకీ మధ్య అగాధం. అప్పలరాజు కళ్ళు మూసుకుని, మైకు స్టాండుకి తల ఆనించి, చరణం మధ్యలో పది సెకన్లు పూర్తిగా ఆగిపోయాడు. 'ఆ పది సెకన్ల మౌనం ఈ బ్యాండు శిఖరం' అని రాసి, ఆ ముక్క కింద గీత కూడా గీశాను.

నెల తిరక్కుండా నాకు ఫోన్ వచ్చింది. అవతల సంజయ్ అనే ఆయన. బీచ్ రోడ్డులో ఒక చిన్న హాల్లో నెలకోసారి సంగీత సభలు పెడతాడు. జుట్టు వెనక్కి ముడి కట్టుకుంటాడని తర్వాత చూశాను, ఫోన్లో గొంతుకే ఆ ముడి వినిపించింది.

"ఆ వ్యాసం రాసింది మీరేనా? నేను మూడు వీడియోలూ చూశాను. ఆ మధ్య దశ... అబ్బ, ఏం బరువండీ! వచ్చే నెల శనివారం సాయంత్రం నలభై నిమిషాలు ఇస్తాను. కానీ నాకు మధ్య దశే కావాలి. వేగంగా వాయించే బ్యాండ్లు నా దగ్గర ఇప్పటికే మూడున్నాయి."

"తప్పకుండా. వాళ్ళు ఏ దశ కావాలంటే ఆ దశ వాయిస్తారు," అన్నాను, నలుగుర్నీ జేబులో పెట్టుకు తిరుగుతున్నవాడిలా.

ఆ సాయంత్రమే టీ కొట్టు దగ్గర నలుగురికీ వార్త చెప్పాను. అప్పలరాజు నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. తర్వాత కిందికి దింపి అడిగాడు.

"మద్య దశంతే ఏటి బావా?"

వ్యాసం వాళ్ళెవరూ చదవలేదని అప్పుడే తెలిసింది. సరేలే అని మూడు దశల ముక్కలూ, గీత గీసినదానితో సహా, చదివి వినిపించి, ఫోన్లో రెండో ఏడాది వీడియో చూపించాను. నూకరాజు ఒక నిమిషం చూశాడు. తాగుతున్న టీ ముక్కులోకి పోయింది.

"ఓలమ్మో! ఇది సీ షిఫ్ట్ దిగి వొచ్చిన రోజు కాదేటి?"

"సీ షిఫ్ట్ అంటే?" అన్నాను.

నలుగురూ నన్ను జాలిగా చూశారు. అప్పలరాజు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"సీ షిఫ్ట్ అంతే రాత్రి పదికెక్కి పొద్దుట ఆరుకి దిగడం బావా. ఆ ఏడు రాత్రంతా డ్యూటీ సేసి, నిద్దర లేకండా తిన్నగా షామియానా కాడికొచ్చేసినాం. నువ్వు గీత గీసినావే పది సెకన్లు, అప్పుడు నాను పడుకుండిపోనాను. నూకరాజు తాళం గట్టిగా కొట్టి లేపినాడు."

"మరి ఉగ్ర దశ?" అన్నాను.

"అది బీ షిఫ్టు. రెండింటికి డ్యూటీ. ఒంటిగంటా పావుకి బస్సు. బస్సెల్లిపోతే ఆబ్సెంటే. అందుకే దబదబా వాయించీసి పరిగెట్టినాం."

ఆధునిక మానవుడి ఆర్తి కాస్తా బస్సు కోసమని తేలింది. మిగిలిన ఆశంతా పెట్టుకుని సింహాచలం వైపు తిరిగాను. గిటారు త్యాగం సంగతేమిటని కళ్ళతోనే అడిగాను.

"నాదేటుంది? మూడో ఏడు పొద్దుటి షిఫ్టు. పూజని పర్మిషన్ ఇచ్చినారు గానీ నా రిలీవరు రాలేదు. ఆడొచ్చి నిలబడితే గాని మనం సీటు దిగకూడదు. ఆడొచ్చేతలికి మూడు పాటలైపోనాయి. నాను బట్టలు కూడా మార్సుకోకండా పరిగెట్టుకొచ్చినాను. ఆ హెల్మెట్ తియ్యడం మర్సిపోనాను బావా, సౌందర్యమేటి!"

టీ కొట్టువాడు కూడా నవ్వాడు. వాడి తమ్ముడూ ప్లాంటులో షిఫ్టు మనిషేనట.

అప్పలరాజు మాత్రం నవ్వలేదు. "బావా, ఆయనకి నిజం సెప్పెయ్," అన్నాడు.

"చెబితే ప్రోగ్రాం పోతుంది," అన్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, 'నేను శిఖరం అన్నది నిద్రండీ' అని ఆ జుట్టుముడి గొంతుకి చెప్పే ధైర్యం నాకు లేదు. అప్పుడే ఫోన్ చేసి ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ కథే ఉండేది కాదు. కానీ ఆ వయసులో నేను తప్పు ఒప్పుకోవడం అన్న పని ఇంకా మొదలుపెట్టలేదు.

"ఏటుంది, మెల్లగా వాయించితే సరిపోద్ది," అన్నాడు నూకరాజు. వాయించి చూశారు. ఒళ్ళంతా మెలకువతో మెల్లగా వాయిస్తే, పెళ్ళి బ్యాండు వాళ్ళు భోజనాలకి ముందు వాయిద్యాలు సరిచూసుకుంటున్నట్టు వచ్చింది. మెల్లగా వాయించడం వేరు, నిద్దర్లో వాయించడం వేరని సింహాచలం తేల్చి చెప్పాడు. బేస్ గిటారు ఆయన తల ఊపాడు. అది ఆయన ఆ ఏడాది ఇచ్చిన మొదటి అభిప్రాయం.

అప్పుడు నేనొక ప్రణాళిక వేశాను. మీరు ఊహించే ఉంటారు. శుక్రవారం రాత్రికి నలుగురూ వేరే గ్రూపు వాళ్ళతో మాట్లాడుకుని సీ షిఫ్ట్‌కి మారాలి. శనివారం ఎలాగూ వాళ్ళకి వారం సెలవు కాబట్టి, పొద్దున్న ఆరుకి దిగి, రోజంతా పడుకోకుండా ఉండి, సాయంత్రం ఏడింటికి వేదిక ఎక్కాలి. మధ్య దశ దానంతట అదే వచ్చేస్తుంది.

"మరి పగలంతా పడుకోకండా ఎవలు సూత్తారు?" అన్నాడు అప్పలరాజు. "ఇంటికెల్తే మా యావిడ కిటికీలు మూసీసి ఫ్యానేసీద్ది."

"మా ఇంటికి రండి. నేను కాపలా ఉంటాను," అన్నాను.

అన్నట్టే శనివారం పొద్దున్న ఆరున్నరకి నలుగురూ మా క్వార్టర్ గుమ్మంలో నిలబడ్డారు. కళ్ళు ఎర్రగా, భుజాలు వాలిపోయి, అచ్చం రెండో ఏడాది రికార్డింగులా. వాళ్ళని చూసి ఆనందం పట్టలేకపోయాను. ఇక నా పని ఆ నిద్రని సాయంత్రం దాకా చెదరకుండా కాపాడటం. అది తేలిక అనుకోకండి. మనిషి పడుకోకూడదు, అలాగని బాగా మేలుకోనూ కూడదు. అందుకని టీల మీద నిబంధన పెట్టాను. మనిషికి పూటకి అరకప్పు.

"ఇంకో కప్పు, బావా," అని బతిమాలాడు నూకరాజు.

"ఇంకో కప్పు తాగితే ఉగ్ర దశలోకి వెళ్ళిపోతావు. కుదరదు."

ఎనిమిదింటికి పార్కు చుట్టూ తిప్పాను. తొమ్మిదింటికి పేకాట పెట్టించాను. పదిన్నరకి సింహాచలం పేకముక్కలు పట్టుకునే గుర్రు పెడితే, చెవిలో నా వ్యాసం గట్టిగా అరిచి లేపాను. పన్నెండింటిదాకా అంతా నా చేతుల్లోనే ఉంది. అప్పుడు వంటింట్లోంచి మా అమ్మ వచ్చింది.

"ఏంట్రా, రాత్రంతా డ్యూటీ చేసొచ్చిన మనుషులకి అరకప్పు టీ పోసి కూర్చోబెడతావా? లేవండి బాబూ, కాళ్ళు కడుక్కోండి."

"అమ్మా, వాళ్ళకి కొంచెమే పెట్టు. నిద్రొస్తుంది."

"పిదప బుద్ధులూ నువ్వూను. ఇంటికొచ్చిన వాళ్ళకి కొంచెం పెట్టడం మా వైపు తెలీదు," అంది.

నిజంగానే తెలీదు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కందిపొడి, ముక్కల పులుసు, గుమ్మడి వడియాలు, చివర్న చెంచాతో కోస్తే తెగే గడ్డపెరుగు. అమ్మ వడ్డన ఆపదు, తినేవాళ్ళు వద్దనరు. అప్పలరాజు రెండోసారి పెరుగు వేయించుకుంటూ, "ఇలగైతే కట్టమే బావా," అన్నాడు. నేను గట్టిగా హెచ్చరించాను. హెచ్చరించడానికి వాళ్ళ పక్కనే కూర్చోవాలి కదా, కూర్చున్నందుకు నాకూ విస్తరి వేసింది. నేనూ మూడుసార్లు పెరుగు వేయించుకున్నాను. భోజనాలయ్యాక కాసేపు నడుం వాలిస్తే తప్పు లేదనీ, కళ్ళు మాత్రం మూయకూడదనీ అందరికీ చెప్పి, ఎలా వాలాలో చూపించడానికి ముందు నేనే చాప మీద వాలాను.

ఆ తర్వాత నాకు గుర్తున్నది మా నాన్న గొంతు.

"ఏమే, మన ఇల్లు రైల్వే వెయిటింగ్ హాలు ఎప్పుడైంది?"

గడియారం ఐదుంపావు. హాల్లో ఐదు చాపలు, ఐదుగురం. నిద్రపోయిన వాళ్ళలో మొదటివాణ్ణి నేనేనని అమ్మ తర్వాత సాక్ష్యం చెప్పింది. ఒక్కొక్కణ్ణీ తట్టి లేపాను. ఇంకా కొంచెం మిగిలి ఉంటుందేమో, ఒక్క రెండు ఆవలింతలైనా దక్కుతాయేమో అని ఆశగా ముఖాల్లోకి చూశాను. నలుగురూ ఒళ్ళు విరుచుకుని, ముఖాలు కడుక్కుని, తోమిన ఇత్తడి గిన్నెల్లా మెరుస్తూ వచ్చారు.

"అమ్మా, ఇలగ పడుకుని ఎన్నేళ్ళైందో!" అన్నాడు నూకరాజు మా అమ్మతో. అమ్మ మురిసిపోయింది.

వ్యానులో దారంతా నిద్ర తెప్పించడానికి చెయ్యని ప్రయత్నం లేదు. కిటికీలు మూశాను. నెమ్మదిగా మాట్లాడాను. ఆఖరికి నా వ్యాసం మొత్తం మళ్ళీ చదివాను. నా పాఠకులందరి మీదా పనిచేసిన మందు ఆ రోజు వాళ్ళ మీద పనిచెయ్యలేదు. షీలానగర్ దాటేసరికి నలుగురూ కోరస్‌గా పాడుతున్నారు.

హాల్లో నూటయాభై మంది దాకా ఉన్నారు. ముందు వరసల్లో సంజయ్ మనుషులు, నల్ల చొక్కాలు, గడ్డాలు. వెనక వరసల్లో ఎక్కడ తెలిసిందో ఏమో, గాజువాక నుంచి వచ్చినవాళ్ళూ, పోర్టులో పనిచేసేవాళ్ళూ ఓ పాతికమంది. సంజయ్ నా చెయ్యి పట్టుకుని, "మీరే పరిచయం చెయ్యాలి. మీ కంటే బాగా ఎవరు చెబుతారు!" అన్నాడు. అప్పుడైనా నిజం చెప్పెయ్యొచ్చు. మైకు చూశాక నాకు ఏ నిజమూ గుర్తురాలేదు.

వేదిక ఎక్కి కాగితం విప్పాను. గొంతు బరువు చేసుకుని చదివాను. మూడు దశలూ చెప్పాను. ఆర్తి, అగాధం, మౌనం అన్నీ చెప్పాను. చివరికి వచ్చాను.

"ఇప్పుడు మీరు వినబోయేది మధ్య దశ. ఇక్కడ వేగం ఉండదు. దయచేసి ఓపికతో, నెమ్మదిగా, ఆ లోతులోకి దిగ..."

నూకరాజు డ్రమ్ముల మీద పడ్డాడు.

నేను ఎగిరిపడ్డాను. కాగితం ఎటో పోయింది. కాలికి మైకు వైరు చుట్టుకుని, దిగడానికి దారిలేక వేదిక మీదే ఓ పక్కన నిలబడిపోయాను. పారిపోదామన్నా కుదరనంత దగ్గర నుంచి ఆ రోజు లాడిల్ బ్యాండుని విన్నాను. బస్సు తొందర లేదు కాబట్టి వేగంగా ఉన్నా ఒక్క దెబ్బా తడబడలేదు. గిటారు మొదటి పాట నుంచే ఉంది. అప్పలరాజు కళ్ళు తెరుచుకునే పాడాడు. ఆ గొంతులో అంత బలం ఉందని మూడేళ్ళు ముందు వరసలో నిలబడ్డ నాకే తెలీదు. మూడేళ్ళుగా నేను పోల్చి చూసింది వాళ్ళ అలసటనని అప్పుడు అర్థమైంది. వాళ్ళ పాటని నేను వినడం అదే మొదటిసారి. సిగ్గేసింది, ఒళ్ళు పులకరించింది, రెండూ ఒకేసారి.

రెండు పాటలయ్యాక సంజయ్ వేదిక ఎక్కాడు. జుట్టుముడి ఊడిపోయి ఉంది. కోపమో సంతోషమో తేల్చుకోలేని ముఖంతో ఇంకో మైకు అందుకున్నాడు.

"ఒక్క నిమిషం. మీ విమర్శకుడుగారు మధ్య దశ అన్నారు. ఇది అది కాదు. ఉగ్ర దశా? త్యాగ దశా? అసలిది ఏ దశ?"

నేను అప్పలరాజుకి రెండు చేతులూ జోడించి దండం పెట్టాను. కళ, పరిణామం, ఏదో ఒక పెద్ద మాట చెప్పి గట్టెక్కించమని పెదవులు కదిపాను. అప్పలరాజు నన్ను చూశాడు, సంజయ్‌ని చూశాడు, మైకు దగ్గరికి వంగాడు.

"ఇయ్యేవీ కాదండి. ఈ రోజు మాకు వీక్లీ ఆఫ్."

వెనక వరసలు లేచి నిలబడ్డాయి. ఈలలు, కేకలు. ముందు వరసల నల్ల చొక్కాలు వెనక్కి తిరిగి ఏమైందని అడుగుతుంటే, ఒక పోర్టు ఆయన సీటెక్కి మరీ షిఫ్టులన్నీ విడమరిచి చెప్పాడు. ఆ మిగతాది అప్పలరాజు మైకులో పూర్తి చేశాడు. బస్సు, రిలీవరు, హెల్మెట్, నేను గీత గీసిన పది సెకన్లు, ఏదీ వదల్లేదు. మా అమ్మ పెరుగు కూడా చెప్పాడు. హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది. వైరు చుట్టుకున్న కాలుతో నేను వేదిక మీదే ఉన్నాను, వేలు పెట్టి చూపించడానికి అందరికీ వీలుగా. నవ్వి నవ్వి సంజయ్ కళ్ళు తుడుచుకున్నాడు. నలభై నిమిషాలన్నది గంట చేశాడు.

అంతా అయ్యాక, ఎవరో పరిచయం లేని ఒకావిడ అప్పలరాజు దగ్గరికి వచ్చింది. "చాలా బాగుందండీ. మీరేం చేస్తుంటారు?" అని అడిగింది.

అప్పలరాజు నోరు తెరిచాడు. అలవాటైన జవాబు నాలిక చివరి దాకా వచ్చి ఆగిపోవడం నేను చూశాను.

"పాడతానండి," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. అది చూసి నూకరాజు, "ఏటి బావా, ఇది ఏ దశ?" అన్నాడు.

ఆ తర్వాత లాడిల్ వాళ్ళకి ఆ హాల్లోనే చాలా ప్రోగ్రాములు దొరికాయి. నాకు కూడా బ్యాండులో శాశ్వత స్థానం ఇచ్చారు. వ్యాసాలు రాయడం మానేసి, షిఫ్టు చార్టు చూసి తేదీలు ఖాయం చెయ్యడం నా పని. కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా, కుడిచెయ్యి చాచి, ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను. ఇకమీదట ఈ భూమ్మీద ఏ గాయకుడి పోయినేటి గొంతునీ ఈయేటి గొంతునీ పోల్చాల్సి వచ్చినా, ముందుగా ఆయన దగ్గరికి వెళ్ళి, "రాత్రి పడుకున్నావా బావా?" అని అడగకుండా ఒక్క అక్షరం ముక్క రాయను.